పదిహేడో నంబరుకి రెండు కళ్ళు

ట్యూబు మూత తీశాక మా పెద్దమ్మ ఊపిరి కూడా పక్కకి తిరిగి తీసుకుంటుంది. ఆ గదిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే చట్టం. బర్నరు వెలుగుతున్నంతసేపు ఎవరూ నోరు తెరవకూడదు, తలుపు తియ్యకూడదు, ఫ్యాను వెయ్యకూడదు. ఎంత పెద్ద ప్రొఫెసరైనా బయట నిలబడి అద్దంలోంచి చూడాల్సిందే. ఎడమచేతి వేళ్ళ మధ్య రెండు ట్యూబులు. కుడిచేతి చిటికెనవేలి మడతలో వాటి దూది మూతలు. మిగిలిన వేళ్ళలో ఒక తీగ, తీగ చివర ఆవగింజంత ఉంగరం. దాన్ని మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, పాత ట్యూబులోని పచ్చటి పూతకి ఒక్కసారి తాకించి, కొత్త ట్యూబులో గడ్డకట్టి ఉన్న జెల్లీ మీద మెలికలుగా గీస్తుంది. రెండు మూతులూ మంటకి చూపించి బిరడాలు పెట్టేస్తుంది. మొత్తం ఆరు సెకన్లు. నేను గడియారం పెట్టి చూశాను.

అలాంటి ట్యూబులు అరవై రెండు. ఒక్కోదాంట్లో ఒక్కో నాచు. బండల మీద జారే నాచు అనుకోకండి. ఇవి ఒంటి కణం జీవాలు, ఒక్కొక్కటీ విడిగా కంటికి ఆనవు, లక్షలు కలిస్తే పచ్చ మరక అవుతాయి. రెండు నెలలకోసారి అన్నిటినీ కొత్త తిండి మీదకి మార్చాలి. మార్చకపోతే ఎండి చస్తాయి. ఒకసారి పెద్దమ్మ కాలు విరిగితే కుర్చీతో సహా మెట్లెక్కించుకుని మరీ వచ్చి మార్చింది. కాలేజీలో ఆమెని ట్యూబులమ్మ అంటారు. మొదట్లో వెటకారంగా పెట్టిన పేరే. ఇప్పుడు ప్రిన్సిపాలు కూడా అదే పేరుతో పిలుస్తాడు, అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

చదివింది పదో తరగతి. చేరింది సీసాలు కడిగే పనికి. అప్పటి పెద్దాయన, అందరూ పాత సారు అనేవారు, ఆ నాచులన్నీ ఊళ్ళూ పొలాలూ తిరిగి పోగేసినవాడు. పరిశోధన చేసే పిల్లలు మార్చిన ట్యూబులకి వారం తిరక్కుండా బూజు పట్టేది. ఒకసారి మనుషులు తక్కువై ఈమె చేత మార్పించాడు. పది ట్యూబుల్లో ఒక్కదానికీ బూజు రాలేదు. "నీ చేతికి బూజు పట్టదమ్మా, ఇక సీసాలు వేరేవాళ్ళు కడుగుతారు" అన్నాడట. అంతే, ఆ రోజు నుంచి ఆ గది ఆమెది.

ఇదంతా నాకు నిన్నమొన్నటి దాకా తెలియదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, మా అమ్మకి స్వయానా అక్క, చిన్నప్పుడు నన్నెత్తుకు తిరిగిన మనిషి, ఆమె ఏం పని చేస్తుందో నేను ఏనాడూ అడగలేదు. కాలేజీలో ఏదో కడుగుతుంది అనుకునేవాణ్ణి. నేనేమో డిగ్రీ రెండో ఏడాదిలో మానేసి, మూడు పనులు మారి, ఇప్పుడు కాలేజీలకి తిరిగి మైక్రోస్కోపులు విప్పి బాగుచేస్తున్నాను. రెండేళ్ళు దాటినా ఈ పని మానలేదు. మా ఇంట్లో దీన్ని వింతగా చెప్పుకుంటారు.

మొన్నామధ్య ఒక నెల మూడో తారీకున వాళ్ళ కాలేజీకి పని మీద వెళ్ళాను. నాలుగు మైక్రోస్కోపులు. మూడింటికి దుమ్ము, నాలుగోదానికి జబ్బు. ఆ నాలుగోది పాత సారుది, ఆయన పోయాక కూడా ఎవరూ మార్చలేదు. విప్పి చూస్తే లెన్సు లోపల బూజు సాలెగూడులా అల్లుకుపోయి ఉంది. ఒక్క రోజులో పట్టే బూజు కాదది, ఏళ్ళ తరబడి అల్లుకున్నది. సగం పూట కూర్చుని తుడిచాను. తుడిచాక ఏదైనా పెట్టి చూడాలి కదా.

"పెద్దమ్మా, బతికున్నదేదైనా ఒక చుక్క ఇవ్వు."

"పదిహేడు ఉంది చూడు, నీళ్ళలో కదిపి పెట్టాను. మధ్యాహ్నం పిల్లలకి చూపించాలి. ఆగు, అయోడిన్ వేసిస్తా."

"అయోడిన్ ఎందుకు?"

"బతికుంటే ఒకచోట నిలబడవురా, ఉరుకుతాయి. తోకలు లెక్కపెట్టాలంటే అయోడిన్ వేసి ఆపాలి."

నాకు తోకలతో పనిలేదు, లెన్సుతో పని. ఆగలేదు. చుక్క వేసి, పైన గాజుపలక కప్పి, కన్ను ఆనించాను. పచ్చటి గింజలు ఇటునుంచి అటు పరుగులు. ఒక్కో గింజలో పచ్చటి గిన్నె లాంటిదొకటి, ఆ గిన్నె పక్కన ఎర్రగా సూదిమొన అంత చుక్క. చక్కగా కనపడుతోంది, నా పని నాకే ముచ్చటేసింది. ఇంతలో కొంచెం లావుగా ఉన్న ఒకటి అంచు దగ్గర తగులుకుని గిరగిరా తిరగసాగింది. దానికి చుక్కలు రెండు.

"ఏంట్రా అలా నోరు తెరిచావు?"

"వీటికి ఎన్ని కళ్ళుంటాయి?"

"కన్నంటే మన కన్ను కాదు. వెలుగు ఎటుందో తెలియడానికి ఒక ఎర్ర చుక్క. ఎవరికైనా ఒక్కటే."

"దీనికి రెండున్నాయి."

"లెన్సు సరిగ్గా తుడవలేదేమో చూడు."

నా పనిలో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. "నువ్వే చూడు" అని లేచాను. ఆమె కళ్ళజోడు నెత్తిమీదకి తోసి కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. కాసేపటికి పక్కనున్న చిత్తు కాగితం తీసుకుని గీతలు పెట్టడం మొదలెట్టింది. రెండు కళ్ళవి ఎన్ని, ఒంటికన్నువి ఎన్ని. అప్పుడు ఇంకో చుక్క తీసి దానికి అయోడిన్ వేసి చూసింది. తోకలన్నీ స్పష్టంగా కనిపించాయి, కొన్నిటికి రెండు, లావువాటికి నాలుగు. ఒళ్ళంతా గోధుమరంగుకి తిరిగిపోయింది. ఎర్ర చుక్క ఆ రంగులో మునిగి మాయమైంది.

"ఇన్నేళ్ళూ అయోడిన్ వేసే చూశాం" అంది పెద్దమ్మ. "సారు కూడా అంతే. అది వేస్తే తోకలొస్తాయి, కన్ను పోతుంది."

"అయితే ఏంటిప్పుడు?"

ఆమె గోడ మీదున్న పటం వైపు చూసింది. అద్దం పటంలో పాత సారు చేత్తో గీసిన బొమ్మ. గుడ్డులాంటి కణం, పైన నాలుగు తోకలు. కింద ఆయన రాసుకున్న పేరు: కార్టీరియా.

ఇక్కడ ఆ పేర్ల గోల కొంచెం చెప్పక తప్పదు. నాకు ఆమె చెప్పిన పద్ధతిలోనే చెప్తాను, పుస్తకం చెప్తే నాకూ అర్థం కాలేదు. ఈ జీవాలకీ మనలాగే ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంటిపేరునే ప్రజాతి అంటారు. ఒంటి కణం, ఈదడానికి ముందువైపు రెండు సమానమైన తోకలు, గిన్నెలాంటి పచ్చటి భాగం, గిన్నె అడుగున పిండి దాచుకునే గుండ్రటి మూట, ఒక ఎర్ర చుక్క. ఇవన్నీ ఉంటే ఇంటిపేరు క్లామిడోమోనాస్. పెద్దమ్మ దాన్ని ముద్దుగా క్లామి అంటుంది. అన్నీ అలాగే ఉండి మూట ఒక్కటే లేకపోతే పాత లెక్కలో క్లోరోమోనాస్. తోకే లేకుండా గుండ్రంగా పచ్చగా ఊరికే కూర్చుంటే క్లోరెల్లా. తోకలు రెండు కాక నాలుగుంటే కార్టీరియా.

"అంటే తోకలు లెక్కపెట్టి ఇంటిపేరు పెట్టేస్తారా?" అన్నాను.

"మరి నిన్ను చూడగానే మీ నాన్న ముక్కు అనలేదా అందరూ? అంతే."

"ముక్కులు కలిసినంత మాత్రాన చుట్టాలైపోతారా?"

"అవ్వరు. మా దగ్గరికి కొత్తగా వచ్చిన మేడం కూడా అదే అంటుంది. కంటితో చూసి పెట్టిన పేర్లు సగం తప్పుతాయి, జన్యువులు చదివితే గానీ ఎవరు ఎవరికేమవుతారో తేలదంట. గుండ్రంగా ఉన్న ప్రతిదాన్నీ పట్టుకొచ్చి క్లోరెల్లా ఇంట్లో కూర్చోబెట్టారు, ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ లేపి మీది వేరే ఇల్లు పదండి అంటున్నారంట."

అరవై రెండు ట్యూబుల్లో కార్టీరియా అదొక్కటే, పదిహేడో నంబరు. ఆ చుట్టుపక్కల మట్టిలో అది దొరకడం మొదటిసారని పాత సారు ఒక చిన్న వ్యాసం కూడా రాశాడట. ఏటా కొత్తగా చేరిన పిల్లలకి చూపించేదీ అదే. ఇప్పుడు దాని మీద ఇంకో బరువు పడింది. పెద్దమ్మకి ఆ నెలాఖరుతో ఉద్యోగం అయిపోతుంది. ఆమె స్థానంలో ఎవరినీ తీసుకోరు, ఆ గది కంప్యూటర్లకి ఇచ్చేస్తున్నారు. ఆరు నెలల కింద వచ్చిన కొత్త మేడం ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాసి, వేరే నగరంలో నాచుల్ని దాచే ఒక పెద్ద కేంద్రాన్ని ఒప్పించింది. కార్టీరియా ఉంది కాబట్టి మొత్తం సెట్టు తీసుకుంటాం అన్నారు వాళ్ళు. ఇరవయ్యో తారీకులోగా పేర్ల పట్టిక సంతకంతో వెళ్ళాలి. తీసుకోకపోతే ట్యూబులన్నీ ఆటోక్లేవులోకి. ఆవిరితో ఉడికించి అన్నిటినీ చంపే యంత్రం అది. పెద్దమ్మ దాన్ని పెద్ద కుక్కరంటుంది.

అందుకే ఆమె ఆ పటం వైపు చూసింది. నాకది తర్వాత అర్థమైంది.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మేడ మీద రెండు గదులు, కిటికీ పక్కన కుట్టుమిషను, మిషను ముందు మెడలో టేపుతో పెదనాన్న. దర్జీ ఆయన. నేను లోపలికి రాగానే "ఏరా, ఈ ఉద్యోగం కూడా మానేశావా?" అన్నాడు. అది ఆయన పలకరింపు.

పెద్దమ్మ టీ గ్లాసులు పెట్టి, కూర్చుని, ఉపోద్ఘాతం లేకుండా చెప్పేసింది.

"పద్దెనిమిదేళ్ళ కింద మూడు రోజులు వరసగా సెలవులొచ్చాయి. గదిలో చల్లటి మిషను ఆగిపోయింది, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. నేను వచ్చేసరికి చివర వరసలో పదిహేడు ఎండిపోయింది. రెండో కాపీ కూడా. జెల్లీ ముడుచుకుని, పచ్చదనం పోయి తెల్లగా. గీకి కొత్త ట్యూబులో వేశాను. వారం చూశాను. ఏమీ రాలేదు. సోమవారం సారు ఊరినుంచి వస్తారు. నన్ను పర్మనెంటు చెయ్యమని ఆ నెలే కాగితం పెట్టారాయన."

"అయితే?"

"పదహారులోంచి తీగతో కొంచెం తీసి పదిహేడులో పెట్టాను."

మిషను చప్పుడు ఆగింది.

"రెండూ క్లామీలే. ఒకే పొలం మట్టిలోంచి ఒకే రోజు తీసినవి. సారే రెండింటికీ ఒకటే పేరు రాశారు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నా. నాలుగు రోజుల్లో పచ్చగా వచ్చింది. రెండు నెలలకి సారు పాత ట్యూబు ఊరికే చూసి ఎగిరి గంతేశారు. నాలుగు తోకలు! ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడలేదమ్మా, ఇది క్లామి కాదు కార్టీరియా అన్నారు. పదహారుకి ఎప్పుడూ రెండే. పదిహేడు చచ్చిపోయింది. మరి నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"అడగలేదా?"

"ఏమని అడగను? పదిహేడుని చంపేసి పదహారుకి దాని చొక్కా తొడిగానండీ, అది నాలుగు చేతులు పెట్టుకుని వచ్చిందేంటండీ అని అడగనా?"

పెదనాన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. బీరువాలోంచి ఒక పొడుగాటి నోటుపుస్తకం తీసింది. అట్ట చిరిగి గుడ్డ అతికించి ఉంది, దర్జీ ఇల్లు కదా. ప్రతి ట్యూబుకీ రెండేసి పేజీలు, ముప్పై ఒక్క ఏళ్ళ లెక్క. రంగు, మార్చిన తేదీ, చూసిన వింత. పదిహేడో నంబరు దగ్గర ఆమె గుండ్రటి చేతిరాతలో ఏడాదేడాదీ ఒకటే మాట: "కొత్త ట్యూబులో రెండు తోకలు. పాతదాంట్లో నాలుగు." పక్కన ప్రశ్నార్థకం. పద్దెనిమిది ప్రశ్నార్థకాలు. నేను లెక్కపెట్టాను.

"ఇంక పాతిక రోజులు" అన్నాడు పెదనాన్న. "నోరు మూసుకుని సంతకం పెట్టించు. మిగతా అరవై ఒక్కటీ బతుకుతాయి."

"చెప్పెయ్ పెద్దమ్మా" అన్నాను నేను. "అబద్ధం పేరుతో పంపితే అక్కడివాళ్ళు ఒక్కరోజులో పట్టేస్తారు."

"మీ ఇద్దరికీ తొందరే. నాకు ముందు తెలియాలి."

"ఏం తెలియాలి?"

"అది చచ్చిందా లేదా అని."

మర్నాడు పెదనాన్నే నన్ను పంపాడు, ఆమెకి తోడుండమని. కొత్త మేడం బీరువాలో ఇటుకంత పుస్తకం ఒకటుంది. పెద్దమ్మకి ఇంగ్లీషు సగమే వస్తుంది, నాకు చదవడమొస్తుంది గానీ నిలకడ లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి లెక్క. నేను చదివాను, ఆమె ఆపి ఆపి అడిగింది. మూడో రోజు దొరికింది.

విషయం ఇది. క్లామి కడుపునిండా తిన్నంతకాలం ఒంటరిగా ఉంటుంది, తనే రెండు నాలుగుగా చీలి పెరుగుతుంది. తిండి అయిపోతేనే, ముఖ్యంగా నత్రజని దొరకనప్పుడు, తోడు వెతుక్కుంటుంది. చాలా రకాల్లో రెండు పక్షాలుంటాయి. చూడటానికి తేడా ఏమీ ఉండదు, ఆడా మగా అని చెప్పలేం. కానీ ఒక పక్షం దాన్నే ఇంకో పక్షం కలుపుకుంటుంది, తన పక్షాన్ని ముట్టుకోదు. ముందు తోకలు పెనవేసుకుంటాయి. తర్వాత రెండు కణాలూ కలిసి ఒక్కటైపోతాయి. అలా కలిసిన కణం ఒకటి రెండు గంటలు ఈదుతుంది. అప్పుడు దానికి ఇద్దరి తోకలూ ఉంటాయి, నాలుగు. ఇద్దరి కళ్ళూ ఉంటాయి, రెండు. ఆ తర్వాత తోకలు రాల్చుకుని, గట్టి పెంకు కట్టుకుని గుండ్రటి ఉండై కూర్చుంటుంది. మంచి రోజులొస్తే ఆ ఉండ పగిలి నలుగురు పిల్లలు వస్తారు, ఇద్దరు ఇటు పక్షం, ఇద్దరు అటు పక్షం. అసలైన కార్టీరియాకి నాలుగు తోకలున్నా కన్ను ఒకటే. నాలుగు తోకలు చూసి తొందరపడి ఇంటిపేరు మార్చేయకండి, కన్ను కూడా చూడండి అని అడుగున చీమల్లాంటి అక్షరాల్లో రాసుంది.

ఇంటికెళ్ళి పెదనాన్నకి చెప్తే ఆయన టేపు సవరించుకుని, "రెండు చొక్కాలు కలిపి కుడితే చూసినవాడు నాలుగు చేతుల మనిషున్నాడు అనుకున్నట్టు" అన్నాడు. అదే చెప్పడానికి పుస్తకంలో పది పేజీలు పట్టింది.

పెద్దమ్మ మాత్రం అక్కడ ఆగలేదు. "పదహారువి పాతబడి తిండి అయిపోయిన ట్యూబులు చూశాను ఎన్నోసార్లు, ఎప్పుడూ రెండు తోకలే. అంటే దాంట్లో ఒకే పక్షం ఉంది. పదిహేడులో నాలుగు వస్తున్నాయంటే దాంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. ఒకటి నేను పెట్టిన పదహారు."

"రెండోది?"

ఆమె నా మొహంలోకి చూసింది. "రెండోది ఎవరూ పెట్టలేదు. ముందునుంచీ అక్కడే ఉండుండాలి."

అర్థమవడానికి నాకు ఒక నిమిషం పట్టింది. ఆ రోజు ఆమె గీకి వేసిన తెల్లటి పొట్టులో ఎక్కడో ఒకటో రెండో ప్రాణాలు మిగిలే ఉన్నాయన్నమాట. వారం రోజులు చూసి లేవని వదిలేసింది గానీ అవి నెమ్మదిగా తేరుకుంటున్నాయి. ఈలోపు పదహారు వచ్చి పక్కన పడింది.

"అనుకోవడం కాదు, చూడాలి" అంది.

పదిహేడుని నీళ్ళలో బాగా పలచన చేసి, పళ్ళెం లాంటి గాజుమూకుట్లో జెల్లీ మీద పరిచింది. ఎక్కడ పడ్డ కణం అక్కడే పెరిగి ఒక చుక్కవుతుంది, ఒక చుక్కంతా ఒక్క కణం సంతానం. తొమ్మిది రోజులకి పచ్చటి చుక్కలు పైకి తేలాయి. పన్నెండు చుక్కలు ఏరి పన్నెండు ట్యూబుల్లో పెంచింది. తర్వాత వాటినీ పదహారునీ ఒక రోజంతా పస్తు పెట్టింది. తిండి నీళ్ళు కలిపేటప్పుడు అమ్మోనియం ఉప్పు ఒక్కటి వెయ్యకపోతే చాలు, నత్రజని ఉండదు. పద్దెనిమిదో తారీకు పొద్దున ప్రతిదాన్నీ కొంచెం పదహారుతో కలిపి వెలుగులో పెట్టింది. పట్టిక వెళ్ళడానికి రెండు రోజులుంది.

రెండు గంటలు ఆగాలి. నేను ఆ గదిలో ఎన్నిసార్లు లేచానో, ఎన్నిసార్లు కూర్చున్నానో.

"తిరగకు, గాలి లేస్తుంది" అంది.

"బర్నరు వెలగట్లేదుగా!"

"అయినా తిరగకు. నాకు కంగారు."

మొదటిది చూసింది. రెండు తోకలు, కన్ను ఒకటి. రెండోది అంతే. మూడోది అంతే. నాలుగోదీ అంతే. అయిదోదాన్ని పెట్టి, ఫోకసు తిప్పి, కదలకుండా ఉండిపోయింది.

"ఏమైంది?"

"ష్."

బర్నరు వెలగకపోయినా నోరు మూసుకున్నాను.

"గుంపులు కట్టాయి. తోకలు తోకలు పట్టుకుని... అదిగో, ఒకటి కలిసింది." తల ఎత్తకుండానే చెయ్యి చాచి నా చొక్కా పట్టుకుని లాగింది. "నువ్వు చూడు. కళ్ళు లెక్కపెట్టు. నాది నేను నమ్మను."

రెండు. అద్దంలా కనపడుతున్నాయి.

పన్నెండింటిలో అయిదు పదహారుతో కలిశాయి. ఏడు కలవలేదు. కలిసిన అయిదూ ఒక్క పదహారు సంతానమే అయ్యే వీల్లేదు, అవతలి పక్షం. పెద్దమ్మ నోటుపుస్తకం తెరిచి పద్దెనిమిదో ప్రశ్నార్థకం పక్కన తేదీ వేసి రాసింది: "చావలేదు." తర్వాత కళ్ళజోడు తీసి చీరచెంగుతో చాలాసేపు తుడిచింది. అది అంత మురికిగా ఏమీ లేదు.

అదే పూట మేడం గదికి వెళ్ళాం. నన్ను బయటే ఉండమంది గానీ నేను ఉండలేదు. ఏమీ దాచలేదామె. ఎండిన ట్యూబు, తీగ, సోమవారం, పర్మనెంటు కాగితం, అన్నీ.

మేడం పెన్ను కింద పెట్టింది. "ఇది ఇప్పుడా చెప్పేది? ఎల్లుండి పట్టిక వెళ్ళాలి."

"ఇప్పుడే తేలింది మేడం."

"తేలింది ఇప్పుడు. జరిగింది పద్దెనిమిదేళ్ళ కింద."

"అవునండి. తప్పు నాది. సారుది కాదు."

"ఆ కార్టీరియా చూసే వాళ్ళు మొత్తం తీసుకుంటామన్నారు. అదే లేదంటే... ఒక లేబులు అబద్ధమైతే మిగతా అరవై ఒక్కటీ నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడగను ట్యూబులమ్మా?"

నాకు ఒళ్ళు మండింది. "అబద్ధాలాడే మనిషైతే ఆమే వచ్చి చెప్తుందా మేడం? ఇన్నేళ్ళలో అయోడిన్ వెయ్యకుండా ఒక్క చుక్క చూసినవాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?"

"నువ్వు మూసుకో" అంది పెద్దమ్మ.

మేడం నా వైపు చూడలేదు. "పదండి, చూపించండి" అని లేచింది.

చూసింది. చాలాసేపు చూసింది. పన్నెండు ట్యూబులూ తనే మళ్ళీ కలిపించి, ఏది ఏదో తనకి చెప్పకుండా నంబర్లు మార్చి పెట్టమంది. అయిదూ పట్టుకుంది. అప్పుడు నోటుపుస్తకం అడిగింది. పదిహేడు దగ్గరే ఆగకుండా మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోయింది, నిలబడే.

"ఇవన్నీ మీరు రాసినవేనా? ముప్పై నాలుగో నంబరుకి మూట కనపడట్లేదు, ఇది క్లోరోమోనాసేమో అడగాలి అని రాశారు. అడిగారా?"

"ఎవరినండి అడగను? సారు పోయారు."

మేడం పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళి ఫోను చేసింది. తలుపు వేసుకుని చేసింది కాబట్టి అవతలివాళ్ళు ఏమన్నారో నాకు తెలియదు. బయటికొచ్చి చెప్పింది మాత్రం ఇది: మొత్తం సెట్టు తీసుకోరు. నోటుపుస్తకం నకలు పంపితే, దాని లెక్క ప్రకారం ఎవరి దగ్గరా లేనివి, నమ్మదగినవి ఏరుకుంటారు.

ముప్పై తొమ్మిది ఏరుకున్నారు. ఇరవై మూడు మిగిలాయి.

నిజం చెప్పకపోతే అరవై రెండూ వెళ్ళేవి. ఆ మాట పెదనాన్న అనలేదు, నేనే అన్నాను, నోరు ఊరుకోక. పెద్దమ్మ "వెళ్ళేవి, అక్కడ ఎవడో ఒకడు చూసి అన్నీ పారబోసేవాడు" అంది. తర్వాత తనే "లేదా ఎవడూ చూసేవాడు కాదు" అని కూడా అంది.

కలిసిన అయిదు చుక్కల్లో ఒకదాన్ని పంపడానికి మేడం ఎంచింది. పెద్దమ్మ లేబులు మీద పదిహేడు అని రాయబోతుంటే ఆపింది. "ఇది ఆ పాత పదిహేడు కాదు. పద్దెనిమిదేళ్ళలో పదహారుతో ఎన్నిసార్లు కలిసి ఎన్నిసార్లు విడిందో. దాని వంశంలోది, అంతే."

"మనవరాలన్నమాట" అంది పెద్దమ్మ.

"మునిమనవరాలు కూడా కావచ్చు. పట్టికలో క్లామిడోమోనాస్ అని రాసి పక్కన పూర్తి కథ జోడిస్తాను. మీ పేరుతో. మీ అసలు పేరు ఏంటి?"

పెద్దమ్మ చెప్పింది. మేడం రెండుసార్లు అడిగి రాసుకుంది.

గోడ మీది పటం దింపడానికి అటెండరు స్టూలు తెచ్చాడు. పెద్దమ్మ వద్దంది. "బొమ్మ సరిగ్గానే ఉంది. ఆయన చూసిందే వేశారు. పేరొక్కటే మార్చండి." మేడం ఒక తెల్ల కాగితం అడ్డంగా కోసి పాత పేరు మీద అతికించింది. బొమ్మలో కళ్ళు లేవు. పెద్దమ్మ ఎర్ర పెన్ను అడిగి, అద్దం మీదే రెండు చుక్కలు పెట్టింది.

ఆఖరి రోజు ఆ ఇరవై మూడు ట్యూబుల్నీ బుట్టలో పేర్చుకుని పెద్ద కుక్కరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. అటెండరు నేను పెడతానమ్మా అంటే ఇవ్వలేదు. మూత బిగించే ముందు ఒక్కో నంబరూ చదివి నోటుపుస్తకంలో ఆ పేజీ చివర తేదీ వేసింది. బిగించి, మీట తిప్పి, ఆవిరి లేచి ముల్లు గీత దాకా వచ్చేదాకా అక్కడే నిలబడింది. నేను వెళ్దామా అని మూడుసార్లు అడిగాను.

"ఉండరా" అంది. "ముప్పై నాలుగూ ఇందులోనే పోయింది, దాన్ని కూడా అయోడిన్ లేకుండా చూడాల్సింది. ఒక్క చుక్క తీసి ఉంచాను. నువ్వు తుడిచిన లెన్సు ఇంకా అక్కడే ఉందా?"